రన్నింగ్-ఇన్

ఈ మ్యాగజైన్‌కి ఏదైనా రాయమని మా క్లబ్ సీనియర్ అడిగినప్పుడు, "నాకు తెలుగు చదవడమే స్లో అక్కా, రాయడం ఇంకా కష్టం" అన్నాను. "నీ రైఫిల్ గురించి రాయరా" అంది. రైఫిల్ గురించి రాయాలంటే నాన్నకి చెప్పిన అబద్ధం గురించి కూడా రాయాలి. అందుకే రెండు వారాలు లేటయింది.

మా నాన్నకి తెనాలిలో చిన్న టూవీలర్ మెకానిక్ షెడ్ ఉంది. ఫస్ట్ ఇయర్‌లో ఒక ఫ్రెండ్‌తో కలిసి సరదాగా రైఫిల్ క్లబ్‌కి వెళ్ళాను. 10 మీటర్ల దూరంలో టార్గెట్ కాగితం. దాని మధ్యలో 10 పాయింట్ల చుక్క సైజు అర మిల్లీమీటరు. పెన్నుతో ఒకసారి పొడిస్తే పడే చుక్కంత. మొదటి రోజే పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం గెలిచాడని అప్పుడే తెలుసుకున్నాను.

క్లబ్ రైఫిల్ కోసం రోజూ వెయిట్ చేయలేక, సొంతది కావాలని ఇంట్లో అడిగాను. నాన్న ఏమీ అనలేదు. రెండు నెలల తర్వాత చీటీ పాడి డబ్బు చేతిలో పెట్టాడు. పెద్ద పోటీల్లో వాడే రైఫిల్స్ లక్షల్లో ఉంటాయి. మేం కొన్నది స్ప్రింగ్‌తో పనిచేసే 0.177 ఎయిర్ రైఫిల్. బ్యారెల్‌ని కిందికి వంచితే లోపల స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే పిస్టన్ ముందుకి దూకి గాలిని నొక్కుతుంది. ఆ గాలే పెల్లెట్‌ని తోస్తుంది. అంతే, లోపల మందుగుండు ఏమీ ఉండదు.

మొదటి రోజు 5 షాట్లు కొడితే 5 దిక్కులా పడ్డాయి. కాస్త పొగ, ఏదో కాలిన వాసన. నాకు భయమేసింది. రాత్రి హాస్టల్లో కూర్చుని నెట్ అంతా వెతికాను. కొత్త రైఫిల్ అయితే ఒక్కో షాట్ తర్వాత బ్యారెల్ క్లీన్ చేయాలని ఒకచోట చూశాను. అది మందుగుండుతో పేలే రైఫిల్స్ గురించి రాసిందని గమనించలేదు. షాట్ కొట్టడం, గుడ్డ ముక్క దూర్చి తుడవడం, సైట్ తిప్పడం, మళ్ళీ షాట్. ఒకేసారి మూడు మార్చి కోడ్ రన్ చేస్తే బగ్ ఎక్కడుందో తెలుస్తుందా? ల్యాబ్‌లో జూనియర్లకి ఈ మాట నేనే చెప్తాను.

నాలుగో రోజు ఇంకో తెలివైన పని చేశాను. లోపల పొడిగా ఉందేమో అనుకుని, బ్యారెల్ వంచినప్పుడు వెనక కనిపించే గాలి రంధ్రంలో మెషిన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేశాను. తర్వాతి షాట్ టపాకాయలా పేలింది. తెల్లటి పొగ. ఆ తర్వాత పెల్లెట్‌లో దమ్ము లేదు.

నాన్నకి ఫోన్ చేసి "పీస్ డిఫెక్ట్ నాన్నా" అన్నాను.

మర్నాడు నాన్న షెడ్ మూసేసి, హాస్టల్‌కి వచ్చి రైఫిల్ తీసుకుని షాపుకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "ఏరా, లోపల ఆయిల్ ఏమన్నా పోశావా అని అడుగుతున్నాడు ఈయన."

"లేదు నాన్నా" అన్నాను.

వెనక నుంచి నాన్న గొంతు పెరగడం వినిపించింది. "మావాడు అబద్ధం చెప్పడు!" నాన్న షెడ్‌లో కస్టమర్ల మీద కూడా గొంతు పెంచడు.

సాయంత్రం క్లబ్‌లో కోచ్ సార్‌కి మాత్రం అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "పిస్టన్ ముందు ఆయిల్ ఉంటే ఆ ఒత్తిడికి పుట్టే వేడికే అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ అలాగే కదా నడిచేది. నీ సీల్ కాలిపోయి ఉంటుంది" అన్నారు. మొదటి రోజు వచ్చిన పొగ ఫ్యాక్టరీలో పూసిన గ్రీజుదట, అది దానంతటదే పోయేదట. సీల్ లోపల సర్దుకోవడానికి కొన్ని వందల పెల్లెట్లు పడుతుందట. బ్యారెల్‌ని తుడిచిన ప్రతిసారీ, మళ్ళీ లోపల సీసం పలచగా పట్టేదాకా గురి కుదరదట. "నువ్వు దాన్ని కుదురుకోనిస్తే కదా!"

ఆ రాత్రి బస్సెక్కి తెనాలి వెళ్ళాను. నాన్న భోంచేస్తున్నాడు. నిలబడే చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. చేయి కడుక్కుని వచ్చి, "కొత్త బండి కొన్నోళ్ళకి నేనేం చెప్తాను?" అన్నాడు.

"మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపమంటావు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

నా దగ్గర జవాబు లేదు. రైఫిల్ గురించి నాన్నకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

నాన్న మళ్ళీ షాపుకి వెళ్ళాడు. సారీ చెప్పి, కొత్త సీల్ కొనుక్కొచ్చాడు. స్ప్రింగ్ ఎగిరి మొహానికి తగలకుండా షెడ్‌లోనే ఒక బిగింపు తయారుచేసి, తనే విప్పి మార్చాడు. నేను టార్చ్ పట్టుకున్నాను.

ఈసారి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఒకే డబ్బా పెల్లెట్లు, సైట్ ముట్టుకోకూడదు, బ్యారెల్ తుడవకూడదు. రైఫిల్ వెనక్కీ ముందుకీ తన్నుతుంది కాబట్టి గట్టిగా పట్టుకోకుండా అరచేతిలో ఆనించి వదలాలి. ప్రతి 50 షాట్లకీ స్క్రూలు చూడాలి, ఆ కుదుపులకి అవి వదులవుతాయి. మొదటి 50 షాట్లలో 5 పెల్లెట్ల గుంపు రూపాయి బిళ్ళ దాటి చెదిరింది. 400 దాటాక బిళ్ళ కింద దాగింది. సైట్ అప్పుడు సెట్ చేశాను.

ఇప్పుడు మెయింటెనెన్స్ అంటే పెద్దగా ఏమీ లేదు. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగను, లాగితే పిస్టన్ నేరుగా వెళ్ళి గుద్దుకుంటుంది. స్ప్రింగ్ నొక్కి అలా వదిలేయను. చేతి చెమటకి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి పని అయ్యాక బయటంతా కొంచెం ఆయిల్ అద్దిన గుడ్డతో తుడుస్తాను. గురి చెడిందని తేలితేనే బ్యారెల్ జోలికి వెళ్తాను.

పోయిన నెల జరిగిన పోటీలో నాకు ఏ మెడలూ రాలేదు. నాన్నకి ఫోన్ చేస్తే "రైఫిల్ ఎలా ఉంది?" అన్నాడు.

"రైఫిల్ బాగానే ఉంది నాన్నా. తప్పు నాదే" అన్నాను.

అటువైపు నుంచి నవ్వు వినిపించింది.