ఎడారి కొండ మీద తుంపర

గౌతమీ తీరాన, కొండ అన్నదే కనిపించని యానాం వంటి డెల్టా ఊరి నుంచి పిల్లలను చూడటానికి అమెరికాలోని ఫీనిక్స్ నగరానికి వెళ్లే వృద్ధ దంపతులకు, సొనోరన్ ఎడారిలోని సౌత్ మౌంటెన్ కాలిబాట మీద పడే తుంపర రెండు విధాల వింతగా తోస్తుంది: ఎక్కవలసిన ఎత్తు ఒకటి, వాన వాసన మరొకటి. ఏడాదికి సగటున సుమారు 180 మిల్లీమీటర్ల వానే కురిసే ఆ నేల మీద చినుకు రాలగానే లేచే ఘాటు మట్టిది మాత్రమే కాదు. ఆకులకు జిగురు పూత ఉండే క్రియోసోట్ అనే ఎడారి పొదది కూడా. ఎండిన నేల తడిసినప్పటి పరిమళానికి 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు గాని, ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ అత్తరు పనివారు అంతకు ఎంతో ముందే దానిని సీసాలలో పట్టి అమ్ముకున్నారు (శాస్త్రం కన్నా వ్యాపారం ముక్కు చురుకైనదన్నమాట). సగ్వారో అనే స్తంభం వంటి జెముడు తన కాండం మడతలు విప్పుకొని ఆ కాస్త నీటినీ దాచుకుంటుంది. తుంపరకు రాయి జారుతుంది, ఎగువన పెద్ద వాన పడితే ఎండిన వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలు చేతికర్ర లేకుండా గాని, ఆకాశం ఉరుముతున్నప్పుడు గాని ఆ బాట పట్టరాదు.