మా పిల్లదానికి రాష్ట్రపతి సంతకం కావాలండోయ్!

ఏవండోయ్, కాస్త ఆగండి. అరుగు నిండా తాళ్లూ, కాగితాలూ, వెదురుకర్రలూ కనపడుతుంటే ఏంటని అడక్కుండా వెళ్లిపోతారేంటి? ఇలా కూర్చోండి. మా తమ్ముడి కూతురు రాష్ట్రపతి గైడ్ అవార్డుకి దరఖాస్తు పెడుతోంది. ఆయ్, సాక్షాత్తూ రాష్ట్రపతిగారి సంతకం ఉండే సర్టిఫికెట్టే! పి.గన్నవరంలో మా వీధి వీధంతా ఇదే కబురు, మీ చెవిన పడకపోవడం నాకు బాధగానే ఉంది.

స్కౌట్లూ గైడ్లూ అంటే ఆగస్టు పదిహేనుకి మెడలో స్కార్ఫు వేసుకుని కవాతు చేసే పిల్లలని కదూ మీ లెక్క? ఆ కవాతు మీకు కనపడేది. కనపడనిది ఎంతుందనుకున్నారు! ముందు ప్రవేశ్. ఆ తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. ఆపైన రాజ్య పురస్కార్, దానికి గవర్నరుగారి సంతకం. ఇవన్నీ ఎక్కాక రాష్ట్రపతి. మెట్టుకీ మెట్టుకీ మధ్య నెలల తరబడి గడువుండాలి. పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టి గట్టెక్కేద్దామంటే కుదరదు. మా పిల్ల ఆరో తరగతిలో మొదలెట్టింది, ఇప్పుడు పదో తరగతి. మధ్యలో రెండు జతల యూనిఫాం పొట్టయిపోయాయి, పట్టుదల మాత్రం అంతకంతకీ పెరిగింది.

ఏం లాభం అంటారా? లాభాల మాట మా మరదలు చెబుతుంది. రైల్వేలో స్కౌట్ల కోటా ఉంది, ఇంజినీరింగు సీట్లలోనూ ఈ పిల్లలకి ఒక వాటా ఉంది. ఉంటే మంచిదే, కాదనను. నాకు మాత్రం ఆ తాళ్లు ముద్దు.

తాళ్లంటే గుర్తొచ్చింది. ఈ ముడి చూడండి. క్లోవ్ హిచ్ అంటారు. మన గేదె పలుపుని గుంజకి కట్టేది ఇంచుమించు ఇదే కదూ? ఇదిగో, ఇది బో లైన్. ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, నీళ్లలో పడ్డవాణ్ణి నడుముకి వేసి లాగొచ్చు. ఇది షీట్ బెండ్, లావు తాడుకీ సన్నతాడుకీ పొత్తు కుదర్చడానికి. పుస్తకంలో బొమ్మలు చూసి మా పిల్ల ఒకటే తికమక పడుతుంటే, కొబ్బరి దింపు తీయడానికొచ్చినతను చెట్టు దిగి వచ్చి ఓ నిమిషం చూశాడు. "ఇలా ఇయ్యమ్మా" అని తీసుకుని కళ్లు మూసుకుని కట్టేశాడు. పేరు మాత్రం తెలీదట. అదీ కోనసీమంటే! కొబ్బరిపీచు తాడు పుట్టిన గడ్డమీద ముళ్లు నేర్పడానికి గురువులకి కరువా?

ఈ స్కౌటింగు పుట్టింది ఎక్కడనుకున్నారు? ఇంగ్లండులో, బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో. 1907 ఆగస్టులో బేడెన్ పోవెల్ అనే సైనికాధికారి కొందరు కుర్రాళ్లని వెంటేసుకెళ్లి అక్కడ గుడారాలు వేయించాడు. దీవంటే నీళ్ల మధ్య నేల. మనం రోజూ ఉండేది అలాంటిచోటే! గౌతమికీ వశిష్ఠకీ మధ్యన ఉన్నాం, వైనతేయ వాకిట్లోనే పారుతోంది. ఆయనకి కోనసీమ సంగతి తెలిసుంటే అంత దూరం వెళ్లేవాడే కాదని మా పిల్ల తీర్మానం. నాదీ అదే ఓటు.

మనదేశానికి 1909లో బెంగుళూరు మీదుగా వచ్చింది. అప్పట్లో దొరల పిల్లలకే. మన పిల్లలకి తలుపులు తెరిచిందెవరంటే, మద్రాసులో అనీబిసెంటూ, అరండేలూ. 1916లో భారతీయ పిల్లల కోసం విడిగా సంఘం పెట్టేశారు. ఉత్తరాదిన మాలవ్యాగారూ వాళ్లూ ఇంకోటి పెట్టారు. అలా తలోదారిన నడిచినవన్నీ స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఆడపిల్లల గైడ్ల సంఘం మరుసటేడు ఆగస్టు పదిహేనున వచ్చి కలిసింది. అబ్బాయిల పెట్రోళ్లకి, అంటే చిన్న జట్లకి, జంతువుల పేర్లూ పిట్టల పేర్లూ, అమ్మాయిల పెట్రోళ్లకి పూలపేర్లు. మాది మందార పెట్రోలు. లీడరెవరో వేరే చెప్పాలా?

1909 అనగానే మీరు కాస్త ఉలిక్కిపడతారనుకున్నాను. పడలేదు. అయ్యో, మనూరి పక్కన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు పోయింది ఆ ఏడే కదండీ! ఏప్రిల్లో. వేళాపాళా లేకుండా, కులం అడక్కుండా, ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి. ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని బయల్దేరి, దారిలో ఆకలితో తనింటికే వస్తున్న పెళ్లివారి మాటలు చెవినబడి, స్వామిని తర్వాత చూద్దాంలే అని వెనక్కి తిరిగిపోయిందని మన పెద్దవాళ్లు చెప్పుకునేవారు. స్కౌట్లకి రోజుకో మంచిపని చెయ్యాలనే నియమం ఉంది. మా పిల్ల ఆ కథ విని, "పెదనాన్నా, ఆవిడ లెక్కన పూటకి ఎన్నయ్యుంటాయి?" అంది. ఇప్పుడు బళ్లో మధ్యాహ్నం అన్నం తినే పిల్లలందరికీ ఆ పేరు తెలుసు, పథకానికి ఆవిడ పేరే పెట్టారుగా.

అన్నమంటే వంట. క్యాంపులో గిన్నెలు లేకుండా వండటమని ఓ సరదా ఉంటుంది. ఆకుల్లో చుట్టి, బొగ్గుల్లో కాల్చి, ఏదో ఒకటి. బయటి జిల్లాల పిల్లలు బంగాళదుంప కాల్చి మురిసిపోతారు. మా పిల్ల ఊరుకుంటుందా? పనసాకులు నాలుగు తీసుకుని ఈనెలతో గుచ్చి బుట్ట అల్లింది. ఆయ్, పొట్టిక్కల బుట్టే! అంబాజీపేట వెళ్లి మనం లొట్టలేసుకుంటూ తినేదే. ఆవిరి పట్టడానికి గిన్నె కావాలి కాబట్టి అది అచ్చంగా గిన్నె లేని వంట కాదని వాళ్ల గైడ్ కెప్టెన్‌గారు అన్నారట. సరే, గిన్నె ఒక్కటే వాడాం, పళ్లేలు మిగిలాయి కదా అని మా పిల్ల వాదన. ప్లీడరీ చదివించమని మా తమ్ముడితో చెప్పాను.

అసలు ముచ్చట ఇంకా చెప్పలేదు. కాలవ దాటకుండా కాలవ వెడల్పు కొలవగలరా మీరు? టేపు లేదు, పడవ లేదు. అవతలి గట్టుమీద ఓ కొబ్బరిచెట్టుని గురి పెట్టుకోండి. దానికి సరిగ్గా ఎదురుగా ఇవతలి గట్టున ఓ పుల్ల పాతండి. గట్టు వెంబడే 20 అంగలు నడిచి రెండో పుల్ల. అదే తిన్నగా ఇంకో 20 అంగలు, మూడో పుల్ల. ఇప్పుడు కాలవకి వీపుపెట్టి చేలోకి తిన్నగా నడవండి, మధ్యమధ్య వెనక్కి చూస్తూ. రెండో పుల్లా, అవతలి కొబ్బరిచెట్టూ ఒకే వరసలోకి వచ్చాయా? ఆగండి. మూడో పుల్ల నుంచి మీరు నిలబడ్డచోటికి ఎంత దూరమో, కాలవ వెడల్పు అంత! లెక్కల పుస్తకంలో త్రిభుజాలు చూసి మొహం ముడుచుకునే పిల్ల, చేలగట్టు మీద "వచ్చింది పెదనాన్నా, వచ్చింది!" అని గంతులేసింది. ఆ గంతు చూడ్డానికి నేనెన్ని మెట్లైనా ఎక్కుతాను.

ఇంత ఆనందంలోనూ నాకు ఒకటే గుర్రు. తేదీలండీ, తేదీలు! ఏ సోపానం ఎప్పుడు ముగిసింది, ఏ బ్యాడ్జి ఎప్పుడొచ్చింది, క్యాంపు ఎన్నో తారీఖున, అన్నిటికీ కాగితం ఉండాలి, గడువులు సరిపోవాలి. ఓ సర్టిఫికెట్ కోసం ఇల్లంతా వెతికితే మా అమ్మ భగవద్గీతలో దొరికింది. భద్రంగా ఉంటుందని పెట్టిందట. పుట్టినతేదీ, సభ్యత్వం నంబరు, యూనిఫాంలో ఫోటో, ఇవన్నీ కెప్టెన్‌గారి చేతిమీదుగా జిల్లాకీ, అక్కణ్ణించి రాష్ట్రానికీ, ఢిల్లీకీ వెళ్లాలి. మీ ఇంట్లో స్కౌటు పిల్లలుంటే ఇవాళే ఓ ఫైలు కొనండి. నా మాట వినండి.

ఇక లాగ్ బుక్కు, అంటే చేసిన పనులన్నీ రాసుకునే పుస్తకం. టెస్టింగ్ క్యాంపులో పరీక్ష పెట్టేవాళ్లు దాన్ని తిరగేసే ప్రశ్నలడుగుతారు. మొదటి ప్రతి చదివితే నాకు ఆవలింతలొచ్చాయి. "వరద బాధిత ప్రాంతమునందు ఆరోగ్య అవగాహన కార్యక్రమము నిర్వహించితిమి." ఎవరమ్మా ఈ నిర్వహించినావిడ? నాకు తెలిసిన పిల్ల కాదే!

అడగడం మొదలెట్టాను. ఏ వరద? 2022 జులై వరద. మీకు చెప్పాలా, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు మన లంకలన్నీ పడవలమీదే కదా బతికాయి. అప్పటికిది చిన్నపిల్ల, అరుగుమీంచి చూసింది. ఆ తర్వాత నీళ్లొచ్చిన ప్రతి ఏడూ మందార పెట్రోలు లంకల్లో ఇల్లిల్లూ తిరిగి విరేచనాలకి ఉప్పు పంచదార నీళ్లు కలపడం చూపిస్తోంది. నువ్వేం చేశావు? "చెంచా పట్టుకున్నాను." ఏం చెప్పావు? "లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, తలకొట్టి." ఎవరైనా తప్పు చేశారా? అప్పుడొచ్చింది అసలు సంగతి. "ఒక మామ్మ గుప్పెడు ఉప్పేసేసింది పెదనాన్నా. పంచదార ఖరీదు కదా, ఉప్పైతే చవకంది. మళ్లీ కలిపించి, నేను ముందు తాగి చూపించాను."

ఇది రాయవే తల్లీ! అని కేకేశాను. వంటింట్లోంచి మా మరదలు పరిగెత్తుకొచ్చింది, పాము కనపడిందేమోనని.

అదండీ నేను చేసే సాయం. కలం ముట్టుకోను. అడుగుతాను. పెద్దవాళ్లు రాసిపెట్టిన లాగ్ బుక్కు నున్నగా ఉంటుంది, అందులో పిల్ల ఉండదు. ఇప్పుడు ఇందులో ఆ ఉప్పు మామ్మ ఉంది, దింపతను ఉన్నాడు, మన పాత ఆక్విడెక్టు బొమ్మ ఉంది. కాటన్ దొర నాటి ఆ ఆర్చీలు కింద నది, పైన కాలవ పెట్టుకుని నిలబడ్డ తీరు రెండు పేజీల్లో పెన్సిలుతో గీసింది. ప్రజల ఆస్తిని కాపాడటం స్కౌటు నియమాల్లో ఒకటి. దానికింద రాసుకోవడానికి ఇంతకంటే మంచి ఆస్తి ఏ ఊరికుంది చెప్పండి?

మిగిలిందల్లా ప్రథమ చికిత్స సాధన. మెడలో స్కార్ఫు అలంకారానికనుకునేరు, విప్పితే చెయ్యి విరిగినవాళ్లకి జోలెకట్టు. మా అమ్మకి ఇప్పటికే రెండు చేతులకీ కట్టేసింది, కాఫీ ఎలా తాగాలని ఆవిడ గొడవ. ఆ వెదురుకర్రలు రెండూ, ఈ దుప్పటీ స్ట్రెచరుకి. మందార పెట్రోలంతా ఆదివారం పొద్దున్నే వస్తుంది. మోయడానికి మనిషి కావాలి. నన్ను మోసి మోసి వాళ్లకి అలవాటైపోయింది, కొత్త బరువు కావాలట. మీరేం చెయ్యక్కర్లేదు, పడుకుని మూలిగితే చాలు. టిఫిను పొట్టిక్కలు. ఏడింటికల్లా వచ్చెయ్యండి, మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి, రెండో స్ట్రెచరుంది!