యూసుఫ్‌గూడ దారిలో దావూద్ (అ) సహన పాఠం

హైదరాబాద్ అమీర్‌పేట నుంచి పడమటి దిక్కుగా సాగితే, మధురానగర్ దాటగానే యూసుఫ్‌గూడ వస్తుంది. 2019లో ఈ దారిపై మెట్రో రైలు నడవడం మొదలైన తర్వాత చాలామంది ప్రయాణికులకు ఇది హైటెక్ సిటీకి వెళ్లే మార్గంలో ఒక స్టేషన్ మాత్రమే. దిగి నడిచేవారికి మాత్రం ఈ పేట ఎంతో చెబుతుంది. ఇక్కడ ప్రత్యేక పోలీసు మొదటి బెటాలియన్ ప్రాంగణం, కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం, కృష్ణకాంత్ పార్కు ఉన్నాయి. రహ్మత్‌నగర్, బోరబండల దిశగా చిన్న చిన్న ఇళ్ల గల్లీలు వ్యాపించి ఉన్నాయి. కాస్త దూరంలోనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద సినీ ప్రముఖుల భవంతులు కనిపిస్తాయి. ఈ పక్కనే ఉన్నది కృష్ణానగర్.

తెలుగు సినిమా పరిశ్రమకు కృష్ణానగర్ శ్రామికుల అడ్డా. తెరపై గుంపులో ఒకరిగా కనిపించే జూనియర్ ఆర్టిస్టులు, లైట్లు మోసేవారు, దుస్తులు కుట్టేవారు, అవకాశం కోసం జిల్లాల నుంచి వచ్చిన యువకులు ఇక్కడి అద్దె గదుల్లో ఉంటారు. తెల్లవారుజామునే పిలుపు కోసం వీధిలో నిలబడతారు. పిలుపు వస్తే ఆ రోజు కూలి దొరుకుతుంది. రాకపోతే మరునాటి కోసం ఎదురుచూపు. సినిమాలకూ నాటకాలకూ దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ రాజు కిరీటం ఒక పూటకు అద్దెకు దొరుకుతుంది. పని ముగియగానే దాన్ని తిరిగి అప్పగించాలి.

ఈ పేట పేరులో ‘యూసుఫ్’ వినగానే ముస్లిం హృదయానికి దైవప్రవక్త యూసుఫ్ (అ) స్ఫురిస్తారు. అన్నలు బావిలో పడవేసినా, చేయని నేరానికి చెరసాల పాలైనా ఆయన సహనం వీడలేదు. చివరకు ఈజిప్టు ధాన్యాగారాలపై అధికారం పొందారు. ఆయన తండ్రి యాఖూబ్ (అ)కు ఇస్రాయీల్ అని మరో పేరు. ఆ సంతతిలోనే శతాబ్దాల తర్వాత మరొకరు, ఎవరి దృష్టిలోనూ లేని స్థితి నుంచి సింహాసనానికి ఎదిగారు. ఆయనే దైవప్రవక్త దావూద్ (అ). ఎదురుచూపే జీవనమైన ఈ వీధుల్లో ఆయన గాథను మననం చేసుకోవడం సముచితం.

దివ్యఖుర్ఆన్ అల్ బఖర సూరాలో 246 నుంచి 251 వరకు గల వాక్యాలు ఆ గాథను వివరిస్తాయి. శత్రువుల చేతిలో ఇల్లూ వాకిలీ కోల్పోయిన బనీ ఇస్రాయీల్ ప్రజలు, తమకు ఒక రాజును నియమించమని తమ ప్రవక్తను కోరారు. తీరా యుద్ధం విధిగా అయ్యేసరికి కొద్దిమంది తప్ప అందరూ వెనుదిరిగారు. అల్లాహ్ తాలూత్‌ను రాజుగా ఎంపిక చేశాడని ప్రవక్త ప్రకటించగా, అతనికి ధనం లేదు కదా అని పెదవి విరిచారు. జ్ఞానంలోనూ దేహబలంలోనూ అల్లాహ్ అతనికి ఆధిక్యత ప్రసాదించాడన్నది వారికి లభించిన సమాధానం. ఈనాటికీ మన ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది ఆస్తి గురించే. గల్లీలో అద్దె ఇంటి కుర్రవాడి గుణమూ చదువూ తర్వాతి మాట. బనీ ఇస్రాయీల్ ఆక్షేపణ ఇంకా మన నోట పలుకుతూనే ఉంది.

సైన్యం బయలుదేరాక ఒక నది ఎదురైంది. అరచేతితో ఒక్క గుక్కెడు తప్ప ఆ నీరు తాగరాదని ఆజ్ఞ. దాహంతో ఉన్నవారిలో అత్యధికులు కడుపారా తాగేశారు. కొద్దిమందే నిలిచారు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్న సహాబాల సంఖ్య, తాలూత్‌తో నది దాటిన వారి సంఖ్య ఒక్కటేనని, అది మూడు వందల పదికి పైగా ఉండేదని సహాబాలు చెప్పుకునేవారని సహీహ్ బుఖారీలో ఉంది. నది దాటిన ఆ కొద్దిమంది జాలూత్ సేనల ఎదుట నిలిచి అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ దుఆలో మొదట అడిగినది సహనం, ఆ తర్వాత పాదాల స్థిరత్వం, చివరగా విజయం. ఈ క్రమాన్ని గమనించాలి.

దావూద్ (అ) ఆ సైన్యంలోని వారే. గొర్రెలు కాయని ప్రవక్త ఎవరూ లేరని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. మంద వెనుక నడుస్తూ నేర్చుకున్న ఓర్పే దావూద్ (అ)కు తొలి సంపద. ఆయన జాలూత్‌ను వధించారు. ఆ తర్వాతే అల్లాహ్ ఆయనకు రాజ్యాన్నీ వివేకాన్నీ ప్రసాదించాడు. సింహాసనం వచ్చిందని ఆయన శ్రమను విడువలేదు. అల్లాహ్ ఆయన చేతిలో ఇనుమును మెత్తగా చేశాడు. కవచాలు అల్లే విద్య నేర్పాడు. ఆయన తన చేతి కష్టార్జితమే తినేవారని, రోజు విడిచి రోజు ఉపవాసం పాటించేవారని హదీసులు చెబుతున్నాయి. మక్కావాసుల ఎగతాళి మాటలకు ఓర్పు వహించమని తన అంతిమ ప్రవక్తను ఆదేశిస్తూ, సాద్ సూరాలో అల్లాహ్ జ్ఞాపకం చేసింది ఈ దావూద్ (అ)నే.

సహనమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని ఈ గాథ స్పష్టం చేస్తోంది. ఎదురుచూసే కాలంలో మనం ఎలా జీవిస్తామన్నదే పరీక్ష. పోలీసు ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్ల తరబడి కాచుకున్న డిగ్రీ యువకుడికి, లంచమిస్తే పని అవుతుందని చెప్పే దళారీ ఎదురైతే అదే అతని నది. షూటింగ్ పిలుపు కోసం నమాజును వాయిదా వేయడం అలవాటైతే అదీ నదే. అవసరానికి గుక్కెడు నీరు తాగడంలో తప్పు లేదు. ఆజ్ఞను మరచి మునిగిపోవడంలోనే ఓటమి ఉంది. అద్దె కిరీటం ధరించిన వ్యక్తికి దాన్ని అప్పగించవలసిన వేళ తెలుసు. నిజమైన రాజ్యం పొందిన దావూద్ (అ) కూడా తనను అల్లాహ్ నియమించిన ప్రతినిధిగానే భావించి, న్యాయంగా తీర్పు చెప్పమన్న ఆజ్ఞకు బద్ధులయ్యారు.

ఈసారి ఇషా నమాజు తర్వాత ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని అల్ బఖరలోని ఈ ఆరు వాక్యాలను అనువాదంతో సహా చదవండి. ఉద్యోగం రాక ఇంట్లో తల దించుకుని తిరిగే కొడుకు ఉంటే అతణ్ణీ పక్కనే కూర్చోబెట్టుకోండి. ఇంకా ఏమీ సంపాదించలేదే అని అతణ్ణి అడగకండి. ఆ రోజు నమాజు గురించి, చేసిన కష్టం గురించి అడగండి. ఫలితం ఎప్పుడు ఇవ్వాలో అల్లాహ్‌కు తెలుసు.