పాపకు ఎన్నేళ్ళు?

మా పాపకు మార్చి నెలలో ఐదేళ్ళు నిండాయి. ఇంకా అంగన్‌వాడీకి వెళుతోంది, జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. బడిలో పడిపోకముందే పాపను ఒకసారి హైదరాబాదు తీసుకువెళ్ళి పెద్ద ఆటల పార్కు చూపించాలని మేమిద్దరం ఏడాదిగా అనుకుంటున్నాం. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. వరి కోసిన తరువాత వేసిన మినుము ఈసారి దేవుని దయవలన బాగానే చేతికొచ్చింది. అమ్మగా వచ్చిన దానిలో దశమభాగము, అప్పుల తాలూకు, ఇంటి ఖర్చు తీసిపెట్టగా 11,000 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బు బియ్యం డబ్బాలో దాచాం. పాప రోజూ మూత తీసి, అది అక్కడే ఉందో లేదో చూసి వచ్చేది.

మామ్మకు ఈ ప్రయాణం నచ్చలేదు. "ఒక్క రోజు ఆటకి ఇంత డబ్బా? దీనికి ఎన్ని బస్తాల తవుడొస్తుందో తెలుసా?" అంది. ఆమె మాటలో న్యాయముంది. అయినా మా చిన్నతనంలో మేము తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన రోజు ఇప్పటికీ మాకు గుర్తుంది. పాపకు కూడా అలాంటి రోజు ఒకటి ఉండాలని మా కోరిక.

ఎక్కడికి వెళ్ళాలన్నది మొదటి ప్రశ్న. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ రోడ్డు మీదే ఉంది. కాని సినిమా సెట్లు ఐదేళ్ళ పిల్లకేం తెలుస్తాయి అనుకున్నాం. చివరకు రావిర్యాల దగ్గర 2016లో ప్రారంభమైన వండర్‌లాకు వెళ్దామని నిశ్చయించుకున్నాం. హైదరాబాదులో మా పిన్నిగారి ఇల్లు ఉంది గనుక బసకు ఖర్చు లేదు. పంచాయతీ పనులు, పొలం పనులు లేని మే నెల మూడో వారం కుదిరింది. సెలవు రోజుల్లో జనం ఎక్కువగా ఉంటారు, మాకు ఆదివారం మా మందిరంలో ఉండాలి. అందుకని వారం మధ్యలో వెళ్ళి శనివారానికి ఇల్లు చేరేలా లెక్క వేసుకున్నాం.

ఇక రైలు టిక్కెట్ల దగ్గరకు వచ్చేసరికి మేము తప్పటడుగు వేశాం. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాం.

రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. ఐదు నిండితే పన్నెండు లోపు వరకు, బెర్తు వద్దంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. ఏప్రిల్ నెలలో టిక్కెట్లకు వెళ్ళబోతుంటే మా బంధువు ఒకాయన, "ఐదు నిండి నెలేగా అయింది. పిల్ల చూడ్డానికి పీలగానే ఉంది. నాలుగని చెబితే ఎవరు కాదంటారు? ఆ డబ్బుతో అక్కడ పిల్లకి ఐస్‌క్రీము కొనిపెట్టండి" అన్నాడు. మాకూ ఆ మాట బాగానే అనిపించింది. రెండు టిక్కెట్లే తీసుకున్నాం. ఆ రాత్రి అన్నం తినిపిస్తూ, "రైల్లో టీటీగారు అడిగితే నాలుగేళ్ళని చెప్పమ్మా" అని పాపకు నేర్పాం. మాలో ఆ మాట ఎవరన్నారో ఇక్కడ రాయం. ఒకరు అన్నారు, ఒకరు విని ఊరుకున్నారు. ఇద్దరమూ అన్నట్టే.

మే నెల మొదట్లో మా సంఘంలో వి.బి.యస్. మొదలైంది. మొదటి రోజు పిల్లల పేర్లు రాసుకుంటున్నారు. ఐదేళ్ళలోపు వారిని ఒక తరగతిలో, ఐదు నిండినవారిని ఇంకో తరగతిలో కూర్చోబెడుతున్నారు. పిల్లలను దింపడానికి వెళ్ళిన తల్లిదండ్రులం చాలామందిమి అక్కడే నిలబడి ఉన్నాం. మా పాప వంతు వచ్చింది.

"నీకెన్నేళ్ళమ్మా?" అని టీచరుగారు అడిగారు.

పాప వేళ్ళు చూసుకుంది. మా వంక చూసింది. "ఇక్కడ ఎన్ని చెప్పాలి టీచర్?" అంది.

"ఇక్కడేమిటి, అక్కడేమిటి తల్లీ?"

"ఇంట్లో ఐదు. రైల్లో నాలుగు."

అందరూ నవ్వారు. టీచరుగారు కూడా నవ్వి, "ఇక్కడ ఇంట్లో లెక్కే" అని ఐదు రాసుకున్నారు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమూ నవ్వినట్టే ముఖాలు పెట్టుకుని బయటికొచ్చాం. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు. పాప అబద్ధమాడి ఉంటే అంత బాధ ఉండేది కాదేమో. దానికి అది అబద్ధమనే తెలియదు. ఏ చోట ఏ వయసు చెప్పాలో అమ్మానాన్నలకు తెలుసని, వారు చెప్పిందే సరైనదని నమ్మింది. మేము ఆ నమ్మకాన్ని సగం టిక్కెట్టుకు అమ్మేశాం.

ఆ రాత్రి ప్రార్థన అయిన తరువాత పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "బుజ్జీ, రైల్లో నాలుగని చెప్పమనడం మా తప్పు. నీకు ఐదేళ్ళు. ఎక్కడ అడిగినా ఐదే" అని చెప్పాం. పిల్లల ముందు మా తప్పు ఒప్పుకోవడం ఇంత కష్టమని మేమెన్నడూ అనుకోలేదు.

"టీటీగారు అరుస్తారా?" అని అడిగింది.

"నీకూ టిక్కెట్టు కొంటాం. అరవరు."

మరునాడే రేపల్లె స్టేషనుకు వెళ్ళి పాత టిక్కెట్లు రద్దు చేసి, పాపతో కలిపి కొత్తవి తీసుకున్నాం. రద్దు చేసినందుకు కొంత పోయింది. లెక్క చూసుకుంటే, మొదటే నిజం చెప్పినదానికన్నా ఎక్కువే ఖర్చయింది.

అయితే పాప అడగవలసిన ప్రశ్న ఇంకొకటి మిగిలే ఉంది. "మరి పార్కులో నేను పెద్దదాన్నని చెప్పొచ్చా?"

వాళ్ళ పెద్దనాన్నగారి అబ్బాయి అక్కడికి వెళ్ళి వచ్చి, ఆకాశానికి ఎత్తి తలకిందులు చేసే ఆటల గురించి చెప్పాడు. అవి ఎక్కాలని దీని ఆశ. ఈసారి తెలుసుకోకుండా మాట ఇవ్వకూడదని పార్కుకు ఫోను చేసి అడిగాం. అక్కడ టిక్కెట్టుకు వయసుతో పనిలేదు, ఎత్తుతోనే పని. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. ఆపైన 140 వరకు పిల్లల టిక్కెట్టు. పెద్ద పెద్ద ఆటలకైతే 140 దాటితేనే ఎక్కనిస్తారు. అంగన్‌వాడీ టీచరమ్మ కొలిస్తే మా పాప ఎత్తు 104 వచ్చింది. అక్కడ కూడా పాప మడమలెత్తి నిలబడబోతే ఆమె నవ్వి పాదాలు కిందికి ఆనించింది.

ఈ కొలత ఎందుకు పెట్టారో పాపకు అర్థమయ్యేలా చెప్పాలి గదా. ఆ బండ్లలో మనిషిని పట్టి ఉంచే కడ్డీలు, బెల్టులు ఒక ఎత్తు ఉన్న ఒంటికి సరిపోయేలా చేస్తారు. చిన్న పిల్లలు కూర్చుంటే భుజం దగ్గర, తొడ దగ్గర సందు మిగులుతుంది. బండి ఊపుకు జారిపోవచ్చు. నాన్న చొక్కా పాపకు తొడిగి, "చూడు, ఎక్కడా ఆనలేదు. ఆ కడ్డీ కూడా ఇంతే" అని చూపించాం. చొక్కాలో చేతులు వెదుక్కుంటూ, "అయితే పడిపోతాను" అంది. ఆ తరువాత తాను ఎక్కగలిగినవేవో, ఎక్కలేనివేవో ఇంట్లోనే వరుసగా చెప్పుకున్నాం. రోజూ పడుకునే ముందు ఆ జాబితా వల్లించేది.

ఇలాంటి పార్కులు పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకోవడానికే పుట్టాయట. అమెరికాలో వాల్ట్ డిస్నీ అనే ఆయన సెలవు రోజుల్లో తన ఇద్దరు కూతుళ్ళను రంగులరాట్నం ఎక్కించి, తాను బల్లమీద కూర్చుని వేరుశెనగకాయలు తింటూ చూస్తుండేవాడు. తల్లిదండ్రులు పక్కన కూర్చోకుండా పిల్లలతో కలిసి ఆనందించే చోటు ఉండాలని అప్పుడు ఆయనకు తోచింది. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ప్రారంభమైంది. మన దేశంలో 1984లో ఢిల్లీలో అప్పూఘర్ వచ్చింది. 1982 ఆసియా క్రీడల బొమ్మ అయిన ఏనుగుపిల్ల అప్పు పేరే దానికి పెట్టారు. 2008లో అది మూతపడింది.

చిన్న పిల్లలతో వెళ్ళాలనుకునే వారికి ఉపయోగపడుతుందని మేము చేసుకున్న ఏర్పాట్లు కొన్ని చెబుతాం. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని వైద్యులు అంటారు. అందుకని రాత్రి రైలు దిగిన రోజే పార్కుకు వెళ్ళకుండా, ఆ రోజంతా పిన్నిగారింట్లో పడుకోబెట్టి మరునాడు వెళ్ళాం. బయటి భోజనం లోపలికి రానివ్వరు గనుక పులిహోర ఆలోచన మానుకుని, పొద్దున్నే ఇంట్లో కడుపునిండా ఇడ్లీలు పెట్టాం. నీళ్ళలో దిగాలంటే నూలు బట్టలు పనికిరావు, నైలాను దుస్తులు వేసుకోవాలి. మా పల్లెటూరి వాళ్ళకు అది కొంచెం బిడియమే. ఒకరం పాపతో నీళ్ళలో దిగితే, ఒకరం సామాను పెట్టుకుని గట్టుమీద కూర్చోవాలని ముందే పంచుకున్నాం. పాపకు దూరం నుంచి కనిపించే పసుపుపచ్చ గౌను వేసి, జేబులో మా ఫోను నంబరు రాసిన కాగితం పెట్టాం. తప్పిపోతే ఉన్నచోటనే నిలబడి, యూనిఫారం వేసుకున్నవారికి ఆ కాగితం ఇవ్వమని నేర్పాం. ఈసారి నేర్పింది నిజమే గనుక మా మనసు తేలికగా ఉంది.

ప్రయాణం రోజు రానే వచ్చింది. రైల్లో పాప పడుకోనని మొండికేసింది. టీటీగారు వచ్చేవరకు మేలుకునే ఉంటానంది. ఆయన వచ్చి, చేతిలోని యంత్రంలో మా పేర్లు చూసుకుని, పాప వంక చూడనైనా చూడకుండా ముందుకు కదిలారు.

"టీటీగారూ!" అని పాప గట్టిగా పిలిచింది. "నాకు ఐదేళ్ళు. నాకూ టిక్కెట్టుంది."

ఆయన వెనక్కి తిరిగి, "అలాగా! మంచిదమ్మా" అని నవ్వి వెళ్ళిపోయారు. పాప మరుక్షణమే నిద్రపోయింది. మాకు మాత్రం చాలాసేపు నిద్ర రాలేదు. మేము నేర్పిన మొదటి పాఠమే దాని నోట వచ్చి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు. మాకు భయం వేసింది అందుకే.

పార్కులో అన్నీ మేము అనుకున్నట్టు జరగలేదు. పెద్ద ఆట ముందు కొలత గుర్తు కనబడగానే పాప పరుగెత్తి దాని కింద నిలబడింది. చెయ్యి నెత్తిన పెట్టుకుని పైకి చూసింది. గుర్తు చాలా పైన ఉంది. ఇంట్లో ఎన్నిసార్లు వల్లించినా పెదవులు వణికాయి, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎత్తుకుంటే భుజం మీద తలపెట్టి కాసేపు ఏడ్చింది. తరువాత తనే, "నాకు ఆ కడ్డీ ఆనదు" అని కళ్ళు తుడుచుకుంది. అక్కడి నుంచి గుర్రాల రాట్నానికి వెళ్ళాం. నాలుగుసార్లు ఎక్కింది. నాలుగుసార్లూ మేమిద్దరం చెరొక పక్క నిలబడ్డాం.

మధ్యాహ్నం నీళ్ళలో ఆడి ఆడి, రెండు గంటలకల్లా చెట్టు నీడన ఒడిలో నిద్రపోయింది. గంటన్నర లేవలేదు. చుట్టూ అందరూ ఆటల దగ్గరకు పరుగులు తీస్తున్నారు. ఇంత డబ్బు పెట్టి వచ్చి నీడలో కూర్చోవడమా, లేపుదామా అని ఒక్కక్షణం అనిపించింది. పిల్లలు చిన్నవారు గనుక వారి నడకనుబట్టి మెల్లగా వస్తానని యాకోబు తన అన్నతో చెప్పిన సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. లేపలేదు. వంతులవారీగా వీపు మీద విసురుతూ కూర్చున్నాం. నిజం చెప్పాలంటే, పెళ్ళయిన తరువాత మేమిద్దరం ఏ పనీ లేకుండా గంటన్నర పక్కపక్కన కూర్చున్నది అదే మొదటిసారి.

శనివారం ఇల్లు చేరాం. పార్కులో ఏం చూశావని మామ్మ అడిగితే, చేతులు పెడితే వేడిగాలి ఊది ఆరబెట్టే యంత్రం బాత్‌రూములో ఉందని మొదట అదే చెప్పింది. 11,000 రూపాయలకు అదా చూసొచ్చావని మామ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ సాయంత్రం తలుపు పక్క గోడకు పాపను నిలబెట్టి, మడమలు నేలకు ఆనించి, పెన్సిలుతో గీత గీశాం. 104 అని రాసి, పక్కన తేదీ వేశాం. దానిపైన 140 దగ్గర ఇంకొక గీత గీయమంది, గీశాం. ఆ రెండు గీతల మధ్య ఇంకా ఎన్నో ఏళ్ళున్నాయి. ఈలోగా అది మమ్మల్ని చూసి నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి.

తల్లిదండ్రులారా, ఈ వేసవిలో కాకపోతే వచ్చే వేసవిలోనైనా మీరూ మీ పిల్లలను ఎక్కడికో ఒకచోటికి తీసుకువెళ్ళండి. పెద్ద పార్కే కానక్కర్లేదు, పక్క ఊరి తోటైనా చాలు. టిక్కెట్టు కొనేటప్పుడు మాత్రం మీ పాప పక్కనే నిలబడి వింటున్నదని గుర్తుంచుకోండి.