పదం మంచిదే, విభక్తి చెడింది

అన్వయం కుదరని పద్యం ఎదురైతే ముందు క్రియను పట్టుకొమ్మని పిల్లలకు చెప్పేవాణ్ణి. అది దొరికితే ఎవరు, దేనిని, దేనిచేత అని ప్రశ్నించుకొంటూ పోవచ్చు. ఈ పద్ధతి విద్యుత్తుకూ వర్తిస్తుందని పదవీ విరమణానంతరం తెలిసింది.

నాన్నగారు రామమందిరంలో పురాణం చెప్పిన రోజులనాటి యాంప్లిఫయరు మా అటకమీద ఉండేది. మూడే వాల్వులు: విద్యుత్తును ఏకముఖం చేసే ఈజెడ్ 80, సన్నని ధ్వనిని పెంచే ఈసీసీ 83, స్పీకరును నడిపే ఈఎల్ 84. తమ్ముడు దానిని పాతసామాన్లవానికి వేద్దామన్నాడు. "పలికితే ఉంచుదాం, లేకుంటే నీ మాటే" అన్నాను.

ఒకప్పుడు మైకుసెట్లు బాగుచేసిన పెద్దాయన మా వీధిలోనే ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి గనుక తాను చెబుతాను, నన్ను చేయమన్నారు. "మాస్టారూ, స్విచ్చి తీసినా కండెన్సరులో మూడొందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. రెసిస్టెన్సు ఆనించి దింపండి. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి." పంచెకు జేబు లేదు గనుక వీపు వెనుక పెట్టుకొన్నాను.

ఏళ్ళతరబడి వాడనందున ఎండిపోయిన ఫిల్టరు కండెన్సర్లను మార్చాం. 60 వాట్ల పాతకాలపు బల్బును సీరీస్‌లో పెట్టి చూశాం. అది ఒకసారి వెలిగి మందగించింది. షార్టు లేదన్నమాట. తరువాత నేరుగా కలిపాం. గొంతు పూడినట్లు గరగరమన్నది. నిమిషంలోనే ఈఎల్ 84 ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడింది. "ఆపండి!" అన్నారు పెద్దాయన.

"వాల్వు పోయింది" అన్నాడు తమ్ముడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, వాల్వును తీయించి, గ్రిడ్డు దగ్గర కొలవమన్నారు. సున్నా ఉండవలసినచోట 14 వోల్టులు! రెండు వాల్వుల నడుమ ఉండే కప్లింగు కండెన్సరు ధ్వనిని పోనిచ్చి, ప్లేటు వోల్టేజిని ఆపాలి. అది కారిపోతున్నది. అందువల్ల గ్రిడ్డుకు అదుపు తప్పి, వాల్వులో కరెంటు వరదలా పారుతున్నది. కొత్త వాల్వు పెట్టినా అదీ అలాగే కాలిపోయేది. పదం మంచిదే, రెండు పదాలను కలిపే విభక్తి చెడింది!

0.022 మైక్రోఫారడ్లు, 630 వోల్టుల కండెన్సరు వేసి టంకం పెట్టాను. గ్రిడ్డు సున్నా చూపింది, ప్లేటు నల్లగా నిలిచింది. తమ్ముడు మైకు అందుకొని, నాన్నగారిలాగే ముందు గొంతు సవరించుకొన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. పాతసామాన్ల మాట మళ్ళీ రాలేదు.

పెద్దాయనకు డెబ్బైఎనిమిదేళ్ళు. ఆదివారాలు వెళ్ళి ఆయన చెప్పేవి నోటుపుస్తకంలో వ్రాసుకొంటున్నాను. మిత్రులలో ఎవరి అటకమీదనైనా ఇటువంటిది ఉంటే, దయచేసి ముందు ప్లగ్గు పెట్టకండి.