రెండు కాళ్ల మేజు

మేజంటే నాలుగు కాళ్లుండాలె గద. అసలు కన్సోల్‌కు ముందు కాళ్లే ఉంటయి. ఎనక దిక్కు గోడ మోస్తది.

కన్సోల్ అన్నది ఫ్రెంచ్ మేస్త్రీల మాట. గోడలకెల్లి బయటికొచ్చి పైన బాల్కనీనో చూరునో మోసే చెక్కడపు దిమ్మెకు ఆ పేరు. మన రామప్ప గుడిల స్తంభాలకెల్లి చూరు దాకా ఒంగి నిలబడ్డ నల్లరాతి మదనికలను చూసినోళ్లకు జల్ది సమజైతది. 1213 నాటి ఆ పనికీ పారిస్‌కూ ఏ రిష్తా లేదు గని, సూరత్ మాత్రం అసుంటిదే.

17వ శతాబ్దం చివర్ల, పద్నాలుగో లూయీ జమానాల, ఆ దిమ్మెనే కట్టెతో చేసి పైన పాలరాయి పరిచిన్రు. రెండు కిటికీల నడుమ, నిలువెత్తు అద్దం కింద గోడకు బిగించేటోళ్లు. తినడానికి గాదు, ఖాలీ షాన్ కోసం. పదిహేనో లూయీ కాలంల కాళ్లు వంకర్లు తిరిగి ఆల్చిప్పలు, ఆకులు మొలిచినయి. పదహారో లూయీ నాటికి మళ్లీ సీదా అయినయి.

వరంగల్ మండీబజార్ల మా నానాజాన్ ఇంట్ల వంకర కాళ్లది ఒకటుండె. 1949ల జాగీర్లు రద్దయినంక హైదరాబాద్‌ల ఒక దేవిడీ సామాన్ నీలాం పెడితే కొన్నడట. మరీ అంత పురానాదని నేననను. 19వ శతాబ్దంల గూడ ఆ నమూనాలు మస్తు చేసిన్రు. ఇల్లు హిస్సాలు పంచుకున్న రోజు పాత సామాన్ కొనేటాయన దాన్ని తిప్పి చూసి, ‘ఎనక కాళ్లు ఇరిగినయ్, కట్టె లెక్కన్నే తీస్కుంట’ అన్నడు. మామూజాన్ తలూపిండు. మా ఖాలా మాత్రం, ‘ఇరగలే భయ్యా, చేసినోడే రెండు కాళ్లు పెట్టిండు. మిగిలిన సామానంత మీరే తీస్కోరి, నాకిదొక్కటి చాలు’ అన్నది.

దానికి ఒక మూల బంగారం లేచిపోయింది. కింద ఎర్రమట్టి, దాని కింద తెల్లపూత కనబడుతయి. గోల్డ్ పెయింట్ కొట్టిస్తనని మా తమ్ముడంటే వద్దన్న. అది రంగు గాదు. కట్టె మీద జిగురు కలిపిన చాక్‌పొడి పూతలు, వాటి మీద మెత్తటి ఎర్రమట్టి, ఆ పైన సోనే కా వరఖ్. మనం మిఠాయి మీద అద్దే చాందీ వరఖ్ తీర్గనే కొట్టికొట్టి పలచన చేసిన రేకు. ఆరినంక అకీఖ్ రాయితోని రుద్దితే మెరుస్తది. మన పెద్దోళ్ల ఉంగరాలల్ల ఉండే అకీఖే! ఈ సంగతి చెప్తే ఖాలా ఎంత ఖుషీ అయిందో.

ఇప్పుడది కాజీపేటల ఆమె కిరాయింట్ల, ఎనక రెండు సిమెంట్ ఇటుకల స్తంభాల మీద నిలబడ్డది. గోడకు బోల్టు కొట్టనియ్యమన్నరు ఇంటోళ్లు. వేరే ఇల్లు దేవులాడుతున్నం. నీళ్లు, కరెంట్ సంగతి తర్వాత అడుగుతది ఖాలా. ముందు గోడను చేత్తోని తట్టి చూస్తది.