కొండదారిలో ఎర్రదీపము

గత వేసవిలో మేము కారులో తిరుమలకు బోయితిమి. 1974లో తెరువబడిన రెండవ కనుమదారి నెక్కుచుండగా, మలుపు తిరిగినప్పుడెల్ల బ్రేకు హెచ్చరిక దీపము వెలుగుచు, చదును రాగానే ఆరిపోవుచుండెను. చేతిబ్రేకు పూర్తిగా దింపియే యున్నది. "ఆరినది గదా, భయమేల?" అని మావారనిరి. నాకు మనసొప్పలేదు. దిగవలసినది 1944 నాటి మొదటి కనుమదారి. వెనుక పిల్లలు, అత్తగారు. పరీక్షింపనిదే దిగరాదని పట్టుబట్టితిని.

కొండమీద మెకానిక్కు బండిని చదునైన చోట నిలిపి బ్రేకుద్రవపు డబ్బా చూపెను. ద్రవము క్రింది గీతకు దిగియుండెను. బండి ఒరిగినప్పుడు ద్రవ మొకప్రక్కకు జరుగగా, లోని తేలుడుబెండు క్రుంగి దీపమును వెలిగించునట. చక్రములకడ బ్రేకుప్యాడ్లు అరిగినకొలది డబ్బాలోని ద్రవము తగ్గును. ఎచ్చటనైన కారినను తగ్గును. ద్రవము పోసినంతనే దీపమారును గాని కారణము పోదు. కారుట లేదని రూఢి చేసికొని, అరిగిన ప్యాడ్లను మార్చెను.

తక్కువ గేరులో మెల్లగా దిగితిమి. శేషాచలపు టడవులు దాటి దిగువ తిరుపతి పట్టణము కానవచ్చెను; దీపము మరల వెలుగలేదు. బిడ్డకు వచ్చిపోవు జ్వరము నుపేక్షింతుమా? ఇదియు నట్టిదే.